చిన్న తరగతుల పిల్లలకు తోట, పొలం, తరగతి: మూడింటినీ ఒకే పాఠంగా నడిపే పద్ధతి

ఒకటి నుంచి మూడో తరగతి వరకు చదివే పిల్లలతో తోట వేయించాలనుకునే ఉపాధ్యాయులు అన్నిటికంటే ముందు తేల్చుకోవలసిన ప్రశ్న ఒకటుంది: ఆ తోటలో పని ఎవరు చేస్తారు? పెద్దలు మట్టి తవ్వి, పెద్దలే మళ్లు కట్టి, నీళ్లు కూడా వాళ్లే పోసి, పిల్లలను వారానికొకసారి వరుసలో తీసుకువచ్చి చూపించే బడితోటలు ఎన్నో ఉన్నాయి. అవి కంటికి ఇంపుగా ఉంటాయి, ఫొటోలలో బాగా పడతాయి, కాని వాటివల్ల పిల్లలకు అబ్బేది తక్కువ. సాళ్లు వంకరగా వచ్చినా, ఒకే గుంటలో పది గింజలు పడినా సరే, పిల్లల చేతులమీద నడిచే తోట గురించే ఇక్కడ చెప్పబోతున్నాను.

తోటపని, పొలం సందర్శన, తరగతి సమావేశం అనే మూడింటినీ విడివిడి కార్యక్రమాలుగా పెట్టుకుంటే ప్రతి ఒక్కటీ కాసేపటి కాలక్షేపంగానే మిగులుతుంది. తోటలో పుట్టిన ప్రశ్నను పిల్లలు పొలానికి తీసుకువెళ్లాలి, పొలంలో చూసినదాన్ని తరగతిలో అందరూ కూర్చుని మాట్లాడుకోవాలి, అక్కడ తీసుకున్న నిర్ణయాన్ని మరునాడు తోటలో అమలు చేయాలి. సంవత్సరానికి ఒకే పంట, ఒకే పొలం, వారానికి ఒకే సమావేశం ఉన్నప్పటికీ ఈ వరుస తెగకుండా ఉంటే చాలు.

ఇది కొత్తగా కనిపెట్టిన పద్ధతేమీ కాదు. జర్మనీలోని బాడ్ బ్లాంకెన్‌బర్గ్‌లో 1837లో చిన్నపిల్లల కోసం ఒక సంస్థను ప్రారంభించి, 1840లో దానికి కిండర్‌గార్టెన్ అని పేరు పెట్టిన ఫ్రెడరిక్ ఫ్రోబెల్, తోటపనిని పిల్లల దినచర్యలో భాగం చేశాడు. ప్రతి బిడ్డకూ సొంతంగా ఒక చిన్న మడి, దానితోపాటు అందరూ కలిసి చూసుకునే ఉమ్మడి మళ్లు ఉండాలన్నది ఆయన ఏర్పాటు. 1896లో చికాగోలో అమెరికన్ విద్యావేత్త జాన్ డ్యూయీ నెలకొల్పిన ప్రయోగ పాఠశాలలో వంట, నేత, వడ్రంగం వంటి పనులను ఆధారం చేసుకొని పాఠాలు నడిపేవారు. ఫ్రోబెల్ చెప్పిన రెండు రకాల మళ్లూ నేటికీ పనికివస్తాయి. సొంత మడి ఉన్న పిల్లవాడు తన మొక్క వాడిపోతే పట్టించుకుంటాడు. ఉమ్మడి మడి ఉన్నప్పుడు పక్కవాడి మొక్కను కూడా పట్టించుకోవడం అలవాటవుతుంది. స్థలం చాలకపోతే మడిని ఉమ్మడిగా ఉంచి, ఒక్కొక్కరికి ఒక్కొక్క కుండీ ఇవ్వవచ్చు.

చోటు, మట్టి, పనిముట్లు

రోజుకు కనీసం ఆరు గంటలు ఎండ తగిలే చోటు కావాలి. నీటి కొళాయి దగ్గరగా ఉండాలి, ఎందుకంటే ఆరేళ్ల బిడ్డ బరువైన బకెట్టు మోయలేదు. వీలైతే ఆ చోటు తరగతి గది కిటికీలోంచి కనిపించాలి. ఆటస్థలానికి అవతల ఉన్న పెద్ద తోటకంటే తరగతి వాకిట్లో ఉన్న నాలుగు కుండీలు ఎక్కువ పాఠం చెబుతాయని నా అభిప్రాయం. కంటికి ఎదురుగా ఉన్నదాన్నే పిల్లలు పదేపదే చూస్తారు, పదేపదే చూసినదాని గురించే ప్రశ్నలు అడుగుతారు.

మడి వెడల్పును పిల్లల చేయి అందే దూరాన్నిబట్టి నిర్ణయించాలి. ఒక వైపునుంచి మాత్రమే చేరగలిగే మడి అయితే 50 నుంచి 60 సెంటీమీటర్లు, రెండు వైపులా నిలబడగలిగితే ఒక మీటరు సరిపోతుంది. అంతకు మించితే పిల్లలు మడిలోకి అడుగుపెడతారు, తొక్కిన మట్టి గట్టిపడి వేళ్లకు గాలి అందదు. చక్రాల కుర్చీలో వచ్చే బిడ్డ ఉంటే దారి కనీసం 90 సెంటీమీటర్లు ఉండాలి, ఒక మడినైనా 60 సెంటీమీటర్ల ఎత్తున కట్టించాలి. ఆ బిడ్డ కోసం వేరే పని కల్పించడంకంటే అదే పనిని చేతికి అందేలా చేయడం మేలు.

మట్టి విషయంలో తొందరపడకూడదు. పాత భవనాల గోడలనుంచి రాలిన రంగులోను, వాహనాల రద్దీ ఎక్కువగా ఉండే రోడ్ల పక్క మట్టిలోను సీసం ఉండే అవకాశం ఉంది, అది చిన్నపిల్లల మెదడు ఎదుగుదలకు హాని చేస్తుంది. అనుమానం ఉన్నప్పుడు మట్టిని పరీక్షకు పంపాలి, లేదా నేలమీద గట్లు కట్టి మంచి మట్టిని తెచ్చి 30 సెంటీమీటర్ల మందాన నింపుకోవాలి. గట్లకు పాత రైలుపట్టాల కింది దుంగలను, రసాయనాలు పట్టించిన పాత కలపను వాడవద్దు. పచ్చి పేడ కలపకూడదు, బాగా మాగిన ఎరువు మాత్రమే వాడాలి. గన్నేరు, ఉమ్మెత్త, ఆముదం వంటి విషపు మొక్కలు ఆ చుట్టుపక్కల ఉంటే పిల్లలు రాకముందే తీసివేయించాలి. విత్తనాలు కొనేటప్పుడు గులాబి, నీలం వంటి రంగులు పూసిన గింజలు వద్దు. ఆ రంగు సాధారణంగా శిలీంధ్రనాశని పట్టించారనడానికి గుర్తు, వాటిని పిల్లల చేతికి ఇవ్వకూడదు.

పనిముట్లు తక్కువ ఉన్నా ఫరవాలేదు, కాని అవి నిజమైనవి కావాలి. ప్లాస్టిక్ బొమ్మ పార మొదటి దెబ్బకే వంగిపోతుంది, దానితో పని చేసిన బిడ్డ తనకు పని రాదని అనుకుంటుంది. పిడి చిన్నదిగా ఉన్న ఇనుప చేతిపారలు ఐదారు, చిన్న నీళ్ల డబ్బాలు మూడు నాలుగు ఉంటే తరగతిని జట్లుగా విభజించి వంతులవారీగా నడపవచ్చు.

ఏం విత్తాలి

బడి క్యాలెండరును ముందు పెట్టుకొని, సెలవుల తేదీనుంచి వెనక్కి లెక్కపెట్టి పంటను ఎంచుకోవాలి. చిన్నపిల్లలకు నిరీక్షణ కష్టం కాబట్టి మొదటి పంట త్వరగా మొలకెత్తి, త్వరగా చేతికి రావాలి. ముల్లంగి మూడు నుంచి ఐదు రోజులలో మొలకెత్తుతుంది, చిన్న రకాలు 25 నుంచి 30 రోజులలో పెరికేందుకు సిద్ధమవుతాయి. పొద చిక్కుడు విత్తనం పెద్దది, చిన్న వేళ్లకు చక్కగా పట్టు దొరుకుతుంది, 50 నుంచి 60 రోజులలో కాస్తుంది. పొద్దుతిరుగుడు పిల్లలకంటే ఎత్తు పెరుగుతుంది కాబట్టి కొలతలకు బాగుంటుంది. గుమ్మడికి మూడు నాలుగు నెలలు పడుతుంది, చోటు కూడా ఎక్కువ కావాలి, అయినా దాని పూల కోసమే ఒక్క పాదు పెట్టమంటాను. కారణం ముందు ముందు చెబుతాను. అన్నీ ఒకేసారి విత్తకుండా ముల్లంగిని పది రోజుల ఎడంతో రెండు మూడు దఫాలుగా విత్తితే, ఎండకో పురుగుకో ఒక దఫా పోయినా ఇంకొకటి చేతిలో ఉంటుంది.

చూడడం నేర్పడం

ఈ మొత్తం పనిలో అసలైన చదువు ఇక్కడే ఉంది, అందుకే దీనికి ఎక్కువ సమయం కేటాయించాలి. తోటలోకి వెళ్లి చూడండి అని పంపితే పిల్లలు ఒక్క నిమిషంలో తిరిగి వస్తారు. ప్రతి బిడ్డకూ ఒక మొక్కను అప్పగించి, వారంలో ఒక నిర్ణీత రోజున అదే మొక్కను బొమ్మ గీయమనాలి. మొదటి వారం అందరి బొమ్మలూ ఒకేలా ఉంటాయి: నిలువు గీత, రెండు ఆకులు, పైన ఒక పువ్వు, అసలు మొక్కకు పువ్వు లేకపోయినా సరే. అప్పుడు తప్పు అనకుండా, నీ మొక్కకు ఎన్ని ఆకులున్నాయో వేలితో తాకి లెక్కపెట్టు, ఆకు అంచు నునుపుగా ఉందా రంపంలా ఉందా చూడు, అని మాత్రమే అడగాలి. కొన్ని వారాలు గడిచేసరికి బొమ్మలోని మొక్క పక్కనున్న మొక్కనుంచి వేరుగా కనిపించడం మొదలవుతుంది.

ఎత్తు కొలవడానికి ఆరంభంలో స్కేలు అక్కరలేదు. మొక్క పక్కన కాగితపు పట్టీ నిలబెట్టి, దాని ఎత్తు వరకు కత్తిరించి, వెనక తేదీ రాసి, వారంవారం ఆ పట్టీలను ఒక పెద్ద అట్టమీద పక్కపక్కన అంటించాలి. నెల తిరిగేసరికి అదే రేఖాపటమవుతుంది. ఏ వారం ఎక్కువ పెరిగింది, ఏ వారం ఆగిపోయింది, ఆ వారం వాన పడిందా అన్న ప్రశ్నలు పిల్లలే లేవనెత్తుతారు. ఆ తరువాత స్కేలు ఇస్తే సెంటీమీటరు ఎందుకు కావాలో వాళ్లకు ముందే తెలిసి ఉంటుంది.

తరగతి గదిలో చేయదగిన రెండు ప్రయోగాలు తోటకు తోడుగా ఉండాలి. మొదటిదానికి, రాత్రి నానబెట్టిన చిక్కుడు గింజలను గాజు సీసా గోడకూ లోపల చుట్టిన తడి కాగితానికీ మధ్య రకరకాల దిశల్లో, కొన్నింటిని తలకిందులుగా కూడా, పెట్టాలి. వేరు ఏ వైపు వస్తుందో ముందే ఊహించి రాయమనాలి. గింజ ఎలా ఉన్నా వేరు వంగి కిందికే వెళ్లడం చూసినప్పుడు, భూమ్యాకర్షణ అన్న మాట పలకకుండానే ఒక ముఖ్యమైన విషయం పిల్లల మనసుకు ఎక్కుతుంది.

రెండో ప్రయోగంలో ఒకేలాంటి రెండు కుండీలలో ఒకే రోజున గింజలు నాటి, ఒకదాన్ని వెలుతురులోను, మరొకదాన్ని పూర్తిగా చీకటిగా ఉండే పెట్టెలోను ఉంచి, రెండింటికీ సమానంగా నీళ్లు పోయాలి. చీకటిలో మొక్క పెరగదని దాదాపు అందరు పిల్లలూ చెబుతారు. పది రోజుల తరువాత పెట్టె తెరిస్తే చీకటిలోని మొలకే ఎక్కువ పొడుగ్గా, పాలిపోయి, సన్నగా కనిపిస్తుంది. ఇక్కడ ఉపాధ్యాయుడు వెంటనే వివరణ ఇవ్వకుండా ఆగగలిగితే చాలా మంచిది. పొడుగు పెరగడమూ ఆరోగ్యంగా పెరగడమూ ఒకటేనా అన్న వాదన పిల్లల మధ్య తప్పక వస్తుంది. గింజలో దాచిపెట్టుకున్న ఆహారంతో ఆ మొలక వెలుతురును వెతుక్కుంటూ సాగిందనీ, ఆ నిల్వ అయిపోతే చనిపోతుందనీ మరునాడు చెప్పినా సరిపోతుంది.

ఇక గుమ్మడి సంగతి. ఆ పాదుకు మొదట వచ్చే పూలు ఎక్కువగా మగపూలే, అవి ఉదయం విచ్చుకొని ఆ రోజే వాడి, తరువాత రాలిపోతాయి. పాదుకు జబ్బు చేసిందని పిల్లలు కంగారుపడతారు. ఆ కంగారును పరిశోధనగా మార్చవచ్చు: రాలిన పూలను ఏరి, చెట్టుమీదున్న పూలతో పోల్చి చూడమంటే, కొన్ని పూల కింద మాత్రమే బుల్లి గుమ్మడి పిందె ఉందని ఎవరో ఒకరు కనిపెడతారు. మగపువ్వు పుప్పొడిని ఆడపువ్వుకు చేర్చేది తేనెటీగలని తెలుసుకోవడానికి ఉదయం పూట పది నిమిషాలు పాదు దగ్గర కదలకుండా కూర్చుంటే చాలు. తేనెటీగలు రాని చోట పిల్లలే మెత్తని కుంచెతో ఆ పని చేసి చూడవచ్చు.

పురుగులను చూడగానే చంపే అలవాటును మొదటి రోజే ఆపాలి. చిక్కుడు లేత కొమ్మలకు పేనుబంక పట్టినప్పుడు దాని చుట్టూ చీమలు, దాన్ని తినే అక్షింతల పురుగులు కూడా చేరుతాయి. వాటిలో ఎవరు ఎవరికి మిత్రులో కనిపెట్టడం ఏడేళ్ల పిల్లలకు చక్కని పని. పేనుబంక మరీ ఎక్కువైతే నీళ్లతో కడిగివేస్తే సరిపోతుంది. పిల్లలు తిరిగే తోటలో పురుగుమందు ఏ కారణంతోనూ చల్లకూడదు.

తరగతి సమావేశం

వారానికి రెండు సార్లు, 15 నుంచి 20 నిమిషాలు, పిల్లలందరూ గుండ్రంగా కూర్చోవాలి. ఉపాధ్యాయుడు కూడా కుర్చీలో కాకుండా ఆ వలయంలోనే కూర్చోవాలి. ఒక చిన్న రాయినో కాయనో చేతికి అందిస్తూ, అది ఎవరి చేతిలో ఉంటే వాళ్లే మాట్లాడాలన్న నియమం పెడితే, బిగ్గరగా మాట్లాడేవాళ్లతోపాటు మౌనంగా ఉండేవాళ్లకూ వంతు వస్తుంది. మాట్లాడడం ఇష్టం లేకపోతే పక్కవారికి అందించే స్వేచ్ఛ ఉండాలి.

సమావేశంలో మూడు రకాల విషయాలు మాత్రమే రావాలి: తోటలో కొత్తగా ఎవరు ఏం చూశారు, ఈ వారం ఎవరి పని ఏమిటి, ఏదైనా చిక్కు వచ్చిందా. పనులను ఇద్దరిద్దరికి కలిపి అప్పగించడం మంచిది, ఒకరు రాకపోయినా రెండో బిడ్డ చూసుకుంటుంది. నీళ్లు పోయడం అందరికీ ఇష్టమైన పని, కాబట్టి అది వంతులవారీగా తిరగాలి. లేకపోతే నలుగురే పోస్తారు, పైగా మొక్కలు కుళ్లిపోయేంత పోస్తారు. పోయడానికి ముందు వేలిని మట్టిలోకి మొదటి కణుపు వరకు గుచ్చి, తడి తగిలితే ఆ రోజు పోయకూడదన్న నియమాన్ని పిల్లలే చర్చించి పెట్టుకుంటే దాన్ని వాళ్లే అమలు చేస్తారు.

చిక్కులు తప్పక వస్తాయి. కలుపు తీస్తూ ఒకరు మరొకరి మొలకను పీకేస్తారు. ఎవరు పీకారో తేల్చడానికి సమావేశాన్ని వాడితే అది న్యాయస్థానమైపోతుంది, పిల్లలు నిజం చెప్పడం మానేస్తారు. మొలకనూ కలుపునూ ఎలా గుర్తుపట్టాలి, ఇకముందు ఇలా జరగకుండా ఏం చేద్దాం అన్న వైపు చర్చను తిప్పాలి. పేర్లు రాసిన పుల్లలు పాతుదామని, గీత గీద్దామని, చిన్నవాటిని అసలు పీకవద్దని రకరకాల సలహాలు వస్తాయి. వాటిలో పనికిరానివి కూడా ఉంటాయి. ఒకదాన్ని ఎంచుకొని వారంపాటు చేసి చూసి, తిరిగి మాట్లాడుకోవడమే సరైన పద్ధతి, ఆ సలహా బాగుండదని పెద్దలకు ముందే తెలిసినా సరే.

పంపకాల సమస్య ఇంకా గట్టిది. ముప్పైమంది పిల్లలు, చేతికొచ్చినవి ఏడు ముల్లంగులు. సమానంగా ముక్కలు చేయాలా, ఎక్కువ పని చేసినవాళ్లకు ఎక్కువ ఇవ్వాలా, పక్క తరగతికి కూడా పెట్టాలా? ఇక్కడ భిన్నాల లెక్క ఉంది, న్యాయం గురించిన ఆలోచన కూడా ఉంది. ఉపాధ్యాయుడు తీర్పు చెప్పకుండా రెండు సమావేశాలు దీనిమీదే గడిచినా నష్టం లేదు. తినబోయే ముందు శుభ్రంగా కడగడం, ఎవరికి ఏ పదార్థం పడదో తల్లిదండ్రులనుంచి ముందే తెలుసుకోవడం మాత్రం పెద్దల బాధ్యత. అడగకుండా తోటలోది ఏదీ నోట్లో పెట్టకూడదన్న నియమానికి మినహాయింపు లేదు.

మొక్కలు చచ్చిపోవడం గురించి ఒక మాట. చచ్చిన మొక్కను పిల్లలు రాకముందే తీసేసి కొత్తది నాటే దయగల ఉపాధ్యాయులున్నారు. దానివల్ల పిల్లలకు కారణం వెతికే అవకాశం పోతుంది. దాన్ని పెరికి, వేర్లు చూసి, నీరు ఎక్కువైందా, పురుగు కొరికిందా అని మాట్లాడుకొని, ఎరువుగుంటలో వేయాలి. ఆ గుంటలో ఎండాకులు, పచ్చి చెత్త కలిపి వేసి తడిగా ఉంచితే కొన్ని నెలల్లో అది మట్టివాసన వేసే ఎరువు కావడం కూడా పిల్లలు చూడగలుగుతారు.

పొలానికి వెళ్లడం

పిల్లలను తీసుకువెళ్లే ముందు ఉపాధ్యాయుడు ఒక్కడే పొలానికి వెళ్లి రైతుతో మాట్లాడి రావాలి. సబ్బు, పారే నీరు ఎక్కడున్నాయి, మరుగుదొడ్డి ఉందా, బావి, నీటిగుంట, కరెంటు కంచె ఎక్కడున్నాయి, ఆ రోజు ట్రాక్టరు తిరుగుతుందా అన్నవి చూసుకోవాలి. ఈ మధ్య మందు చల్లిన మడి ఏదైనా ఉందా అని తప్పక అడగాలి, ఎందుకంటే చల్లిన తరువాత ఎంతకాలం లోపలికి అడుగుపెట్టకూడదో ఆ డబ్బామీదే రాసి ఉంటుంది. ఉబ్బసం ఉన్నవాళ్లు, తేనెటీగ కుడితే ప్రమాదం ఉన్నవాళ్లు ఎవరో తెలుసుకొని వారి మందులు వెంట పెట్టుకోవాలి. ఈ వయసు పిల్లలకు నలుగురైదుగురికి ఒక పెద్దవారు తోడుండడం అవసరం.

పొలమంతా చూపించమని రైతును కోరవద్దు. అన్నీ చూసిన పిల్లలకు ట్రాక్టరు తప్ప ఏదీ గుర్తుండదు. వారం ముందే సమావేశంలో, మన తోటలో మనకు తెలియక ఆగిపోయిన విషయాలేమిటి అని అడిగి, ఒక్కొక్క జట్టుకు ఒక్కొక్క ప్రశ్న ఇవ్వాలి. మా ముల్లంగి ఎందుకు చీలిపోయింది, ఇంత పెద్ద పొలానికి నీళ్లు ఎలా పెడతారు, పురుగు పడితే ఏం చేస్తారు, వాన రాకపోతే ఏం చేస్తారు అన్న ప్రశ్నలు పిల్లలు అడిగితే రైతు కూడా మనస్ఫూర్తిగా జవాబు చెబుతాడు. పిల్లలకు కాగితంమీద ఖాళీలు నింపే పని ఇవ్వడం నాకు నచ్చదు. వాళ్లు కాగితాన్నే చూస్తారు, పొలాన్ని చూడరు. దానికి బదులు ఒకచోట కూర్చోబెట్టి రెండు నిమిషాలు కళ్లు మూసుకొని వినమని, ఆ తరువాత ఒక్క వస్తువును బొమ్మ గీయమని చెప్పవచ్చు.

పశువులున్న చోట జాగ్రత్త ఎక్కువ కావాలి. ఆరోగ్యంగా కనిపించే ఆవులు, గొర్రెలు, మేకల పేడలో కూడా ఈ.కోలై ఓ157 వంటి సూక్ష్మజీవులు ఉండవచ్చు, అవి ముఖ్యంగా ఐదేళ్లలోపు పిల్లల మూత్రపిండాలకు తీవ్రమైన హాని చేయగలవు. పశువులను తాకిన తరువాత, అన్నం తినే ముందు, బయలుదేరే ముందు సబ్బుతో, పారే నీటిలో కనీసం 20 సెకన్లు చేతులు కడిగించాలి. చేతికి రాసుకునే శానిటైజరు మట్టి, పేడ అంటిన చేతులను శుభ్రం చేయలేదు. పశువుల దగ్గర తినడం, తాగడం, వేలు నోట్లో పెట్టుకోవడం కూడదు. కాచని పాలు ఇస్తామన్నా మర్యాదగా వద్దనాలి.

పిల్లలు కష్టమైన ప్రశ్నలు కూడా అడుగుతారు. ఈ దూడను తల్లినుంచి ఎందుకు విడదీశారు, ఈ కోడిని తరువాత ఏం చేస్తారు అని నేరుగా అడిగినప్పుడు అబద్ధం చెప్పవద్దని, వయసుకు తగినంత నిజం చెప్పమని రైతును ముందే కోరాలి. మిగిలిన చర్చ తరగతిలో జరగవచ్చు. వేర్వేరు ఇళ్లలో వేర్వేరు అభిప్రాయాలుంటాయి కాబట్టి, ఏది సరైనదో ఉపాధ్యాయుడు తేల్చకుండా ప్రతి ఒక్కరూ చెప్పేది వినేలా చూడాలి.

సంవత్సరంలో రెండు సార్లు వెళ్లే వీలుంటే రెండు వేర్వేరు పొలాలకు కాకుండా ఒకే పొలానికి, విత్తేటప్పుడు ఒకసారి, కోసేటప్పుడు ఒకసారి వెళ్లడం చాలా మేలు. రెండోసారి పిల్లలు తాము గీసిన పాత బొమ్మలను వెంట తీసుకువెళ్లి, అదే చోట నిలబడి, ఏం మారిందో చూసుకోవచ్చు. తిరిగి వచ్చిన మరునాటి సమావేశంలో ప్రతి జట్టూ తన ప్రశ్నకు దొరికిన జవాబును చెప్పి, దానిలో మన తోటలో చేయగలిగినది ఏదో ఒక్కటి ఎంచుకోవాలి. మొక్కల మొదట్లో ఎండుగడ్డి పరచడం వంటి చిన్న మార్పు అయినా సరే, ఆ పని ఆ వారంలోనే జరగాలి.

సెలవులు, నోటుపుస్తకం

సెలవులు ఈ తోటలకు పెద్ద శత్రువు. పొడవైన సెలవులకు ముందే పంట ముగిసేలా చూసుకొని, మడిని ఎండాకులతో కప్పి వదిలేయడం అన్నిటికంటే సులువు. మొక్కలు మిగిలి ఉంటే నీళ్లు పోసే వంతులను కుటుంబాలకు వారానికొకరి చొప్పున రాసి ఇవ్వాలి, కుండీలను పిల్లలతోపాటు ఇంటికి పంపవచ్చు.

మార్కులు వేయడానికి ఈ పని అనువైనది కాదు, కాని రాసుకోవలసినవి ఉంటాయి. ఉపాధ్యాయుడు వారానికి ఐదుగురు పిల్లలను ఎంచుకొని, ఒక్కొక్కరి గురించి రెండు వాక్యాలు రాసుకుంటే ఒకటిన్నర నెలలో తరగతి మొత్తం ఒకసారి పూర్తవుతుంది: ఏ ప్రశ్న అడిగింది, ఎవరికి సాయం చేసింది, బొమ్మలో కొత్తగా ఏం గమనించింది. దీనికితోడు తరగతికంతటికీ ఒక ఉమ్మడి నోటుపుస్తకం ఉండాలి. అందులో విత్తిన తేదీ, మొలిచిన తేదీ, పది గింజల్లో ఎన్ని మొలిచాయి, ఏ పురుగు ఎప్పుడు వచ్చింది, సమావేశంలో ఏ నియమం పెట్టుకున్నారు, అది పనిచేసిందా లేదా అన్నవి పిల్లలే రాయాలి. సంవత్సరాంతంలో ఆ పుస్తకాన్ని, పంటనుంచి ఎండబెట్టి దాచిన చిక్కుడు గింజల పొట్లాన్ని కింది తరగతికి అప్పగించి, తమకు అర్థం కాకుండా మిగిలిపోయిన ప్రశ్నలను చివరి పేజీలో రాసి ఇవ్వమనాలి.